ఒక్క బోర్డు చూడాలనుకున్న సార్

సార్ పోయారన్న సంగతి నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ గ్రూపు పేరు ఇప్పటికీ ‘ఫ్యూచర్ ఫౌండర్స్’. ఎంబీఏ చదివేటప్పుడు పెట్టుకున్న పేరు. మార్చడానికి మనసొప్పలేదో, మార్చాలని ఎవరికీ తోచలేదో తెలియదు. పొద్దున్నే ఒంగోలులో ఆఫీసుకు వెళ్ళే ఆటోలో కూర్చుని ఫోన్ తీస్తే, నా క్లాస్‌మేట్ ఖాజా పెట్టిన కబురు కనిపించింది. సార్‌కు గుండెపోటు వచ్చింది, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే పోయారు, భూస్థాపన రేపు పుల్లలచెరువు దగ్గర వాళ్ళ ఊళ్ళో. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టాను. అది ఎంత సులువుగా అయిపోయిందో చూసి నా మీద నాకే రోత పుట్టింది. ఖాజాకు ఫోన్ చేశాను. అతను అప్పటికే బెంగళూరులో బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

“నువ్వు వస్తాండావు గదా?” అన్నాడు. వస్తున్నానన్నాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఆయన గురించి పేపర్లో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. మార్కాపురంలో మేం చదివిన కాలేజీలో ఎంబీఏ వాళ్ళకు అకౌంట్స్ చెప్పేవారు. దాంతోపాటు, పిల్లల చేత సొంత వ్యాపారాలు పెట్టించే విభాగం ఒకటి మేనేజ్‌మెంట్ ఆయన నెత్తిన వేసింది. దాని ఇంగ్లీషు పేరుకు నోరు తిరగక మేం దాన్ని సెల్ అనీ, ఆయన్ను స్టార్టప్ సార్ అనీ పిలిచేవాళ్ళం. యాభై దాటిన మనిషి. పాత స్కూటర్, పొడుగు చేతుల చొక్కా, మధ్యాహ్నం బాక్సులో సజ్జరొట్టె. తినేటప్పుడు ఎవరొచ్చినా అందులోంచి ఒక ముక్క తుంచి చేతిలో పెట్టి, ఆ తర్వాతే ఏం పనిమీద వచ్చావని అడిగేవారు.

మేం చేరేనాటికే మా కాలేజీకి స్టార్టప్ గాలి సోకింది. వరండా గోడల నిండా ఇంగ్లీషు పోస్టర్లు వెలిశాయి. ‘రిస్క్ తీసుకో’ అన్న పోస్టరు కింద బస్సు పాసు పోగొట్టుకుని ఏడుస్తున్న పిల్లను ఒకసారి చూశాను. మాలో ప్రతి ఒక్కరూ ఫౌండరే. ఇద్దరున్న టీములో ఇద్దరూ సీఈవోలే. ఆర్డరు ఒక్కటి రాకముందే విజిటింగ్ కార్డులు అచ్చయ్యేవి. హైదరాబాదు నుంచి ఒక మెంటర్ వచ్చి, స్కేల్ లేని ఐడియా అసలు ఐడియానే కాదని మధ్యాహ్నం దాకా చెప్పి, భోజనం చేసి కారెక్కి వెళ్ళిపోయాడు. మేం చప్పట్లు కొట్టి చేతులు నొప్పి పుట్టించుకున్నాం. సార్ మా ఉత్సాహాన్ని ఏనాడూ వెక్కిరించలేదు. “ఏం సీఈవో గారూ, ఆ కుర్చీలు కొంచెం ఇట్ల జరపండి” అనేవారు. సీఈవోలందరం లేచి జరిపేవాళ్ళం.

ఆయన పద్ధతి వేరు. సెల్ గదిలో ప్రొజెక్టర్ ఉన్నా వెయ్యనిచ్చేవారు కాదు. టీముకొక రాతి పలక, బలపం ముక్క ఇచ్చేవారు. మన వ్యాపారం ఏమిటి, ఎవరికోసం, వాళ్ళు మన దగ్గరికే ఎందుకు రావాలి, ఇదంతా ఆ పలకకు ఒకవైపే పట్టాలి. పట్టకపోతే, “నీకే ఇంకా అర్థం కాలే. పో, పోయి వాళ్ళ కాడ కూర్చోని రా” అనేవారు. సర్వే చేసి రమ్మని ఆయన అనగా నేను వినలేదు. కూర్చుని రమ్మనేవారు, అంతే. మేం ఒకసారి ఆయన మాట వినకుండా రంగురంగుల గ్రాఫులతో స్లైడ్లు తయారుచేసి లాప్‌టాప్‌లో చూపించాం. చివరిదాకా ఓపిగ్గా చూసి, “మీ పీపీటీలో యేటా వాన పడతాది. మీ కొమరోల్లో పడదు గదమ్మా” అన్నారు.

ఆయనకు ఒకప్పుడు సొంత పలకల కార్ఖానా ఉండేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్ళ నాయన పెట్టింది, ఈయన చేతుల్లో మూతపడింది. ఆ తర్వాతే చదువు కొనసాగించి లెక్చరర్ అయ్యారట. ఖాజా మొహమాటం లేని మనిషి, ఎందుకు మూతపడిందని అడిగేశాడు. “రాయి బాగుండాదా, చట్రం గట్టిగుండాదా అనే చూసుకుంటా కూర్చున్యాం నాయనా. బడికి పోయే పిల్లోల్ల చేతుల్లో ఏముండాదో చూడలే” అన్నారు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

ఆయనకున్న కోరిక ఒక్కటే. అది అందరికీ తెలిసిందే. “మార్కాపురంలో గాని గిద్దలూరులో గాని, మన కాలేజీ పిల్లోల్లు సొంత కంపెనీ పెట్టి కట్టిన బోర్డు ఒక్కటి చూడాల. దాని కింద నిలబడి టీ తాగాల” అని ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవారు. మా బ్యాచ్ నాటికి మేనేజ్‌మెంట్‌కు ఓపిక పోయింది. ఈసారి కూడా ఒక్క కంపెనీ నిలబడకపోతే సెల్ ఎత్తేసి, ఆ గదిని ప్లేస్‌మెంట్ వాళ్ళకు ఇచ్చేస్తామని మొహం మీదే చెప్పారు. సార్ తన ఆశంతా తెచ్చి మా టీము మీద పెట్టుకున్నారు. ఆయన ఆ మాట అనలేదు గానీ, మమ్మల్ని చూసే చూపులోనే మాకు తెలిసిపోయేది.

మా టీమంటే ఖాజా, నేను. మాది కొమరోలు దగ్గర పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. పంట కోసేసిన చేలో రాత్రిపూట మందను పడుకోబెడితే ఆ పెంటికలతో నేలకు బలం వస్తుంది. అందుకని రైతులు మా నాయన లాంటి వాళ్ళను పిలిపించుకుని మందలు పెట్టించుకుంటారు. ఏ రైతుకు మంద కావాలో, ఏ మంద ఎక్కడ ఖాళీగా ఉందో ఫోన్లో కలపాలన్నది మా ఆలోచన. ఖాజా యాప్ తయారుచేశాడు. నేను మా బంధువుల మందలన్నిటినీ అందులో ఎక్కించాను. మా వ్యాపారం పలకకు ఒకవైపు పట్టడమే కాదు, కింద ఖాళీ కూడా మిగిలింది. సార్ ఆ పలకను చేతిలో పట్టుకుని చదివి, మళ్ళీ చదివి, “ఇది మన నేలలో పుట్టిందమ్మా” అన్నారు. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

కాలేజీలో పోటీ పెట్టిన రోజు విజయవాడ నుంచి అతిథులు వచ్చారు. వాళ్ళ ఎదురుగానే ఒక రైతు యాప్‌లో మా నాయన మందను అడిగాడు. సాయంత్రానికి మంద ఆయన చేలో ఉంటుంది, వీడియో కాల్‌లో చూపిస్తామని మైకులో గొప్పగా చెప్పాం. సాయంత్రమైంది. తెర మీద ఖాళీ చేను, అందులో చేతులు కట్టుకుని నిలబడ్డ రైతు కనిపించాడు. ఒక్క గొర్రె లేదు. నాయనకు ఫోన్ చేశాను.

నాయన తాపీగా చెప్పాడు. “ఆయన రానే లేదు గదమ్మా. మందను అడిగేదానికి మనిషి రావాల. ఫోన్లో ఎవరో అడిగినారని యాడికని తోలేది?”

మా వైపు అది మర్యాద. రైతు తనే మంద దగ్గరికి వస్తాడు, కాపరి పక్కన కూర్చుంటాడు, చేను ఎక్కడో, నీళ్ళు ఎంత దూరమో, గట్టు అవతల ఎవరి పైరుందో చెప్తాడు. ఆ రాత్రి కాపరికి అన్నం కూడా ఆ ఇంటినుంచే వస్తుంది. ముఖం చూడని మనిషి మాట మీద మందను తోలితే, రేపు పక్క చేలో పైరు మేసిందని గొడవైతే కాపరి తరఫున మాట్లాడే దిక్కుండదు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను చూసిన సంగతే ఇది. రైతుకు తిరుగుడు తప్పుతుందని మా యాప్‌లో సరిగ్గా దాన్నే తీసేశాం. అతిథులు మర్యాదగా నవ్వుకున్నారు. బహుమతి క్యాంటీన్ ఆర్డర్ల యాప్‌కు వెళ్ళింది.

మర్నాడు సార్ మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది. “పదండి, మీ నాయన కాడ కూర్చోని వద్దాం” అని కొమరోలు బస్సెక్కించారు. ఎండలో నడిచి మంద దగ్గరికి వెళ్ళి, నాయన పక్కన నేల మీదే కూర్చున్నారు. చాలాసేపు గొర్రెల గురించే మాట్లాడారు. తర్వాత, “అన్నా, మనిషి రావాలన్న మాట నిజమే. రైతుకు బదులు మా పిల్లోడు వచ్చి అడిగితే ఒప్పుకుంటావా?” అన్నారు.

నాయన కర్రతో నేల గీకుతూ ఆలోచించాడు. “వచ్చినోడు ఆ పొద్దు మంద కాడనే పండుకోవాల సారూ. మాట తేడా వస్తే వాడు నాతోపాటు నిలబడాల. అట్లయితే సరే” అన్నాడు.

సార్ ఖాజా వైపు చూశారు. ఖాజా తలూపాడు. తిరుగు బస్సులో సార్ నాతో, “పుట్టినింట్లోనే కూర్చోలే గదమ్మా నువ్వు” అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ పద్ధతిలో మా వ్యాపారం నిజంగానే నడిచింది. రాత్రి మంద దగ్గర పడుకుని ఖాజా క్లాసుకు వస్తే పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. “ఫౌండర్ వాసన” అని వాడే నవ్వేవాడు. సార్ కొన్ని ఆదివారాలు చర్చి అయ్యాక స్కూటర్ మీద చేలకు వచ్చి, గట్టు మీద కూర్చుని మందను చూసి వెళ్ళేవారు. గిద్దలూరు బస్టాండు దగ్గర ఒక చిన్న గది చూసి పెట్టారు. బోర్డు మీద అక్షరాలు తెలుగులోనే ఉండాలని, రోడ్డు అవతల నుంచి కనపడాలని చెప్పారు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. విత్తనమే వేయని రైతుకు మందతో పనేముంది? మేత, నీళ్ళు వెతుక్కుంటూ మందలన్నీ కృష్ణా వైపు తరలిపోయాయి. మా నాయన కూడా వెళ్ళాడు. మా ఫోను మోగడం మానేసింది. సరిగ్గా ఆ సమయంలోనే కంపెనీల వాళ్ళు ఉద్యోగాలివ్వడానికి కాలేజీకి వచ్చారు. ఖాజాకు బెంగళూరులో, నాకు ఒంగోలులో వచ్చాయి. మా ఇంట్లో ఆ ఏడు తిండిగింజలకే కష్టంగా ఉంది, వద్దనే స్థితి కాదు నాది. ఇద్దరం సార్‌కు చెప్పడానికి వెళ్ళి గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డాం. “లోపలికి రాండి, తప్పేం చేసినారని” అన్నారు. “ఆకలితో ఎవరూ బోర్డు కట్టలేరమ్మా. పోండి, నిలదొక్కుకోండి.” మేం కాలేజీ వదిలిన కొద్దిరోజులకే ఆ గది ప్లేస్‌మెంట్ వాళ్ళ చేతికి పోయింది. ఆయన మళ్ళీ వట్టి అకౌంట్స్ సార్ అయ్యారు.

ఆఖరిసారి ఆయన్ను మార్కాపురం బస్టాండులో చూశాను. బాగా చిక్కిపోయారు. నా జీతం గురించి గానీ ప్రమోషన్ గురించి గానీ అడగలేదు. “నాయన మందతో తిరిగొచ్చినాడా?” అని అడిగారు. వచ్చాడన్నాను. “మంచిది, మంద ఉండాది గదా” అన్నారు. నా బస్సు కదిలింది. ఆయన ఇంకేదో అనబోయారు గానీ నాకు వినపడలేదు. అదేమిటో ఫోన్ చేసి అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను.

భూస్థాపన రోజు ఆ ఊరికి చేరేసరికి ఎండ మండిపోతోంది. చర్చి పక్కన ఇల్లు, ముందు షామియానా, అందులో ఐసు పెట్టెలో సార్. ఎన్నో బ్యాచ్‌ల వాళ్ళం వచ్చాం. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు. ఒకరినొకరం పలకరించుకుంటూ ఎక్కడ చేస్తున్నావని అడుగుతుంటే, ప్రతి ఒక్కరూ ఏదో ఒక కంపెనీ పేరు చెబుతున్నారు. వాటిలో ఒక్కటీ సొంతది కాదు.

సార్ భార్యను నేను అంతకుముందు చూడలేదు. పెట్టె పక్కన కూర్చున్న ఆమె మా గుంపును చూసి లేచి వచ్చింది.

“మీరంతా ఆయన పిల్లోల్లే గదా నాయనా. బోర్డు బోర్డు అని ఒకటే కలవరిస్తాన్యాడు. మొన్న కూడా అన్న్యాడు, గిద్దలూరులో మా పిల్లోల్లు కడతారు, నిన్ను తీసకపోయి చూపిస్తా అని. మీలో ఎవరమ్మా? కట్టినారా?”

ఖాజా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. అబద్ధం చెబితే ఆమెకు కాస్త ఊరటగా ఉండేదేమో. ఆయన ఎదుట నాకు ఆ మాట రాలేదు.

“లేదమ్మా,” అన్నాను. “ఎవరమూ కట్టలేదు.”

ఆమె తలూపింది. నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, వెనక్కి తిరిగి పెట్టె దగ్గరికి వెళ్ళింది. లోపలి చలికి అద్దం మీద చెమ్మ పట్టి ఆయన ముఖం మసకగా ఉంది. కొంగుతో అద్దం తుడిచి, ముఖం కనపడ్డాక దాని మీదికి వంగింది.

“పిల్లోల్లందరూ వచ్చినారయ్యా,” అంది.

బోర్డు సంగతి ఎత్తలేదు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. పాట సాగుతున్నంతసేపూ అద్దం మీద చెమ్మ మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంది, ఆమె తుడుస్తూనే ఉంది.