పాస్కో చలికాలపు విచారణలు

ఆంబ్రోస్ పాస్కో నమ్మే మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, ఆ పుట్టిన తేదీకి సాక్షులెవరని ఆయన అడుగుతాడు. మంచి మాట చెబితే ఎందుకు చెప్పావంటాడు, చెప్పకపోతే ఏం దాస్తున్నావంటాడు. పోస్టుమాన్ "గుడ్ మార్నింగ్" అంటే ఒకసారి ఆకాశం వంక చూసి నిర్ధారించుకుని గానీ జవాబివ్వడు.

ఈ మహానుభావుడు మా టావ్‌ఫర్డ్ క్రోకే క్లబ్బుకు కార్యదర్శి. నేను ఉపకార్యదర్శిని. అంటే ఆయన అనుమానించిన వాళ్లందరికీ సాయంత్రంలోగా ఫోన్ చేసి క్షమాపణలు చెప్పే ఉద్యోగం నాది. పదకొండేళ్లు చేశాను.

ఎండాకాలంలో క్రోకే క్లబ్బు నడపడం ఎవరైనా చేస్తారు. పచ్చగడ్డి మీద ఇనుప కమానులు పాతి, తలా ఒక కొయ్య సుత్తి ఇచ్చి, కమానుల్లోంచి బంతులు కొట్టుకోమంటే చాలు, సాయంత్రం దాకా వాళ్లే పోట్లాడుకుంటారు. అసలు పరీక్ష చలికాలం. అక్టోబరు రాగానే గడ్డి బురదవుతుంది. పై మైదానాలు రెండూ వసంతం దాకా సెలవు. కింద మైదానం ఒక్కటీ మంగళ, శనివారాల్లో తెరిచి ఉంచేవాళ్లం. సభ్యులం ఇరవై ముగ్గురం. అందరికీ అరవై ఐదు దాటాయి. మోకాళ్లను లెక్కలోకి తీసుకుంటే ఆడగలిగేవాళ్లు పదిమంది.

చుట్టుపక్కల క్లబ్బులన్నీ ఏప్రిల్ దాకా మూసేసేవి. మనమూ మూసేద్దామని నేను ఒకసారి అన్నాను.

"తాళం వేస్తే లోపల ఏం జరుగుతోందో మనకెలా తెలుస్తుంది, నోరా?" అన్నాడు పాస్కో నాతో.

"తాళం వేస్తే లోపల ఏమీ జరగదు, ఆంబ్రోస్."

"అలా అనుకోవాలనే వాళ్ల ఎత్తు."

ఆ 'వాళ్లు' ఎవరో పదకొండేళ్లలో ఎప్పుడూ తేలలేదు. ఎక్కువగా కంచె అవతల, గడ్డి మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బు వాళ్లు అయ్యుండేవారు. ఒక నవంబరులో కాకులు దిగి, పురుగుల కోసం మా గడ్డినంతా పీకి పోగులు పెట్టాయి. పాస్కో మూడు రోజులు కంచె పక్కన గొడుగు కింద కూర్చుని నిఘా వేశాడు.

"కాకులు మన వైపే ఎందుకు వస్తున్నాయి? వాళ్ల గడ్డీ గడ్డే కదా? రొట్టెముక్కలు వేసి తర్ఫీదు ఇస్తున్నారు."

"కాకులకా?"

"ఆ పెద్దకాకిని చూడు. రెండుసార్లు వాళ్ల అధ్యక్షుడి వైపు తల ఊపింది."

ఇక మంచు అడుగుల కథ. గడ్డి మీద మంచు గట్టిపడి ఉన్నప్పుడు దాని మీద నడవకూడదు. అడుగు పడిన చోటల్లా గడ్డి మాడినట్టు నల్లబడుతుంది. డిసెంబరులో ఒక ఉదయం రెండో మైదానం మీద గేటు నుంచి క్లబ్బు గది దాకా నల్లటి అడుగులు కనిపించాయి. మధ్యాహ్నానికల్లా ఇరవై ఇద్దరమూ మా బూట్లు చేత్తో పట్టుకుని, సాక్సులతో, గ్యాస్ హీటర్ చుట్టూ వరసగా నిలబడ్డాం.

సిరిల్ హాకడే వంతు వచ్చింది. సిరిల్ ఆరడుగుల మూడంగుళాల మనిషి, రిటైరైన పశువుల డాక్టరు.

"నా బూటు పదకొండో నంబరయ్యా. అక్కడున్న అడుగు ఎనిమిదో నంబరు" అన్నాడు.

"చిన్న బూట్లు తొడుక్కుని రాలేదని ఏమిటి నమ్మకం?"

"చిన్న బూట్లు తొడుక్కుంటే నేను నడవగలనా?"

"అందుకే అడుగులు వంకరగా పడ్డాయి" అని రాసుకున్నాడు పాస్కో.

సాయంత్రానికి ఆ అడుగులు పాస్కోవేనని తేలింది. మంచు పడిందో లేదో చూడ్డానికి తెల్లారగానే ఆయనే నడిచి వెళ్లాడు. మేమంతా పగలబడి నవ్వుతుంటే ఆయన మాత్రం నవ్వలేదు. "నా మీద నాకు ముందునుంచీ పూర్తి నమ్మకం లేదు" అన్నాడు. క్లబ్బు తరఫున తనకే ఒక హెచ్చరిక లేఖ రాసి, స్టాంపు అంటించి పోస్టులో వేశాడు. అది అందాక, "సంతకం నాదిలా లేదే" అని మళ్లీ నా దగ్గరకు తెచ్చాడు.

జనవరిలో క్లబ్బు మెట్ల మీద జారి నా చీలమండ బెణికింది. మూడు వారాలు ఇంట్లోనే. రెండో రోజు పదకొండింటికి తలుపు చప్పుడైంది. పాస్కో, చేతిలో మూతపెట్టిన గిన్నెతో.

"నీ కాలు నిజంగానే బెణికిందని నాకు నమ్మకం లేదు" అన్నాడు, టోపీ తీయకుండానే. "గేటు దాకా నడిచి చూపించు."

కోపంతో లేచి గేటు దాకా నడిచాను. నొప్పికి అరుస్తూ వెనక్కి వచ్చాను.

"నటిస్తున్నావు. రేపు మళ్లీ చూస్తాను. ఇప్పుడు ఈ సూపు తాగు. నిజంగా ఒంట్లో బాగాలేని వాళ్లు ఉల్లికాడల సూపు తాగలేరు."

పంతానికి తాగేశాను.

"చూశావా! గిన్నె ఖాళీ!" అని విజయగర్వంతో వెళ్లిపోయాడు. అలా పందొమ్మిది రోజులు వచ్చాడు. రోజూ గేటు దాకా నడక, రోజూ సూపు. ఎప్పటికైనా ఆ గిన్నె ఆయన నెత్తిన బోర్లించాలని నేను ఒట్టు పెట్టుకున్నాను.

కాబట్టి లయొనెల్ గిడ్లీ ఆయన మీద తిరుగుబాటు లేవదీసినప్పుడు మొదటి సంతకం నేనే పెట్టాను.

గిడ్లీ ఎండాకాలం చివర్లో బ్రిస్టల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఒంటరి మనిషి, ఇస్త్రీ నలగని మనిషి. మాట్లాడేటప్పుడు "మొదటి అంశం, రెండో అంశం" అంటాడు. నాలుగో కమాను వంగిపోయి ఉండడం చూసి, కొత్తగా వచ్చినవాడివి నువ్వే వంచావని పాస్కో ఆయన మీద పడ్డాడు. ఆ కేసు మూడు నెలలు నడిచింది. గిడ్లీ ఇక భరించలేక సర్వసభ్య సమావేశం కోరుతూ నోటీసు ఇచ్చాడు. పాస్కోను తొలగించాలి, కొత్త కార్యదర్శిగా తనను ఎన్నుకోవాలి, వచ్చే ఏడు నుంచి అక్టోబరులో క్లబ్బుకు తాళం వేసి ఏప్రిల్లో తీయాలి. ఇవీ మూడు అంశాలు.

మార్చి మొదటి శనివారం మధ్యాహ్నం అందరం క్లబ్బు గదిలో చేరాం. బయట వాన. పాస్కో ముందు కుర్చీలో చేతులు కట్టుకుని, ఒక్కొక్కరి మొహమూ చదువుతూ కూర్చున్నాడు.

"మొదటి అంశం" అన్నాడు గిడ్లీ. "ఈయన మీకు చేసిన అన్యాయం ఏమిటో ఒక్కొక్కరూ లేచి చెప్పండి."

సిరిల్ లేచాడు. "క్లబ్బు గడ్డికోత యంత్రం నేను మా ఇంట్లో దాచానట. వారానికి మూడుసార్లు సోదాకి వచ్చేవాడు."

"ఎక్కడెక్కడ వెతికాడు?"

"వంటింట్లోనే. ఫ్రిజ్ తెరిచి చూసేవాడు."

"గడ్డికోత యంత్రం ఫ్రిజ్‌లో ఎలా పడుతుందండీ?"

"నేనూ అదే అడిగా. ముక్కలుగా విప్పి పెట్టి ఉంటావన్నాడు. ఒకరోజు ఫ్రిజ్‌లో ఏమీ లేదు. మర్నాటి నుంచి వచ్చినప్పుడల్లా మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె ఒకటి పట్టుకొచ్చి, ఎదురుగా కూర్చుని, 'తిను, తినేటప్పుడు దొంగ మొహం దాగదు' అనేవాడు."

గదంతా నవ్వింది. గిడ్లీ రాసుకుంటూ, "ఇది ఎప్పుడు మొదలైంది?" అన్నాడు.

"నవంబరు రెండో వారంలో." సిరిల్ తల వంచుకున్నాడు. "మా ఆవిడ బెట్టీ పోయాక నాలుగు రోజులకి."

నవ్వు ఆగిపోయింది. సిరిల్ చేతిలోని టోపీని అటూ ఇటూ తిప్పాడు. "ఆ నెల నాకు సరిగా గుర్తు లేదు గానీ, ఆ 'పై' రొట్టెలు మాత్రం గుర్తున్నాయి" అని కూర్చుండిపోయాడు.

గిడ్లీ కాగితం తిప్పాడు. "రెండో ఫిర్యాదు. మురియల్ వెనింగ్ గారు."

మురియల్‌కు ఎనభై ఒకటి. ఒకప్పుడు మా జిల్లాలో ఆవిడ కొట్టిన బంతి గురి తప్పేది కాదు. "నేను ఇంకో క్లబ్బులో చేరిపోయానని ఈయన ఆరోపణ" అంది. "శరదృతువులో నేను రావడం మానేశాను కదా, అందుకు."

"మరి ఎందుకు మానేశారు?"

"మోకాళ్లన్నాను. మోకాళ్లు కాదు, కళ్లు. కమానులు కనపడ్డం లేదు. చెప్పుకోడానికి సిగ్గేసింది. ఈయనొచ్చి, 'నిన్ను ఒంటరిగా వదిలితే ఆ క్లబ్బుకే పోతావు, నా కళ్ల ముందుండు' అని ప్రతి శనివారం కారులో ఎక్కించుకుని తెచ్చేవాడు. వచ్చి చూస్తే కమానులకి తెల్లటి పట్టీలు చుట్టి ఉన్నాయి."

"ఆ పట్టీలు వేలిముద్రల కోసం" అన్నాడు పాస్కో గట్టిగా. "నాలుగో కమాను వంచినవాడు మళ్లీ ముట్టుకుంటే దొరుకుతాడని."

"అవునవును. తెల్లగా ఉన్నాయి కాబట్టి నాకు కనిపించాయి. మూడు ఆటలు గెలిచాను." మురియల్ ఆయన వైపు తిరిగింది. "నీకెవరు చెప్పారు ఆంబ్రోస్, నాకు కళ్లు కనపడ్డం లేదని?"

"ఎవరూ చెప్పలేదు. అక్టోబరులో నువ్వు నాకు బదులు కోటు స్టాండుకి గుడ్ మార్నింగ్ చెప్పావు. నాకు అనుమానం వచ్చింది."

నేను నా చీలమండ వైపు చూసుకున్నాను. రోజూ కొంచెం కొంచెం నడవాలని డాక్టరు చెప్పాడు, నేను వినలేదు. వంట చేసుకునే ఓపిక లేక బిస్కెట్లతో సరిపెట్టుకుందామనుకున్నాను. ఆయన నెత్తిన బోర్లిస్తానని ఒట్టు పెట్టుకున్న ఆ సూపు గిన్నె నా కళ్ల ముందు మెదిలి చెంపలు వేడెక్కాయి.

"సరే, నా కేసు వేరు" అన్నాడు గిడ్లీ, కాగితం గట్టిగా పట్టుకుని. "కమాను వంగిన రోజు నేను ఇంట్లోనే ఉన్నానంటే నమ్మకుండా, సాక్ష్యం సేకరించమని మీలో ఒక్కొక్కరినీ మా ఇంటికి పంపాడు. పదిహేను మంది! వచ్చిన ప్రతివాళ్లకీ టీ పెట్టాల్సి వచ్చింది. సిరిల్ అయితే నాలుగుసార్లు వచ్చాడు. ఇప్పుడు సోమవారాలు పేకాటకి కూడా..."

అక్కడ ఆగిపోయాడు. కాగితం మీద తర్వాతి వాక్యం చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు.

"అంతకుముందు నాలుగు నెలలు" అన్నాడు, అంశం నంబరు లేకుండా, "మా ఇంటి గంట ఎవరూ కొట్టలేదు."

అందరం పాస్కో వంక తిరిగాం. ఆయన చెవులు బీట్‌రూట్ ముక్కల్లా ఎర్రబడ్డాయి.

"మీరంతా ముందే కూడబలుక్కుని వచ్చారు" అన్నాడు. "ఇన్ని కథలు ఒకే దారిలో నడవడం నాకు చాలా అనుమానంగా ఉంది. ఎవరో వెనకుండి నేర్పించారు. ఓటింగ్ పెట్టండి. రహస్య ఓటింగ్. పెట్టె నేనే తనిఖీ చేస్తాను."

పెట్టెను తలకిందులు చేసి, తట్టి, వాసన చూసి, బల్ల మీద పెట్టి, తాను ఓటెయ్యకుండా వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. గిడ్లీ నోటీసు వెనక్కి తీసుకుంటానన్నాడు గానీ మా నియమావళిలో అలాంటి వీలు లేదు. ఆ నియమావళి రాసింది పాస్కోనే.

నా చీటీ చేతిలో పెట్టుకుని ఆలోచించాను. అందరూ ఈయనకే వేస్తారు, అది ఖాయం. ఇరవై రెండుకు ఇరవై రెండు వస్తే ఈయన తట్టుకోగలడా? ఏకగ్రీవమంటే మోసం జరిగిందని బెంగపడి మంచం పడతాడు. పైగా వచ్చే చలికాలం ఎవరిని అనుమానించాలి, ఎవరింటికి వెళ్లాలి? ఒక్కటంటే ఒక్క ఓటు వ్యతిరేకంగా పడితే, అదెవరిదో తేల్చడానికి ఇల్లిల్లూ తిరుగుతాడు. ఎవరో ఒకరు ఆ పుణ్యం కట్టుకోవాలి కదా. 'తొలగించాలి' దగ్గర గుర్తు పెట్టి చీటీ మడిచి వేశాను.

సిరిల్ లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు. "ఉంచాలి, పన్నెండు" అన్నాడు నీరసంగా. "తొలగించాలి, పది."

మురియల్ తన చేతిసంచీలో ఏదో తెగ వెతుక్కుంటోంది. సిరిల్ పైకప్పు పరిశీలిస్తున్నాడు. గిడ్లీ ఊడని బూటు తాడు వంగి కట్టుకుంటున్నాడు. వాళ్ల మొహాలు చూశాక నా మొహం ఎలా ఉందో నాకు తెలిసింది. ఇంకో ఇద్దరికి మాలాగే మంచి బుద్ధి పుట్టి ఉంటే పాస్కో పదవీ పోయేది, క్లబ్బుకు తాళమూ పడేది.

వరండా తలుపు తెరుచుకుంది. "ఎంత?" అన్నాడు పాస్కో. చెప్పాం.

"పది మందా!"

ఆయన మొహం వెలిగిపోయింది. పదకొండేళ్లలో ఆ మొహంలో అంత సంతోషం నేను చూడలేదు. "ఒకరు కాదు, ఇద్దరు కాదు, పది మంది!" అంటూ జేబులోంచి నోటుపుస్తకం లాగి, పెన్సిల్ కొస నాలుక మీద తడి చేసుకున్నాడు. "సోమవారం పదకొండింటికి విచారణ మొదలు. ఎవరింటి నుంచి మొదలుపెట్టాలో నేనే నిర్ణయిస్తాను."

"మా ఇంటి నుంచే మొదలెట్టవయ్యా" అన్నాడు సిరిల్. "నా వాలకం చూడు, ఏమన్నా బాగుందా?"

"నోర్మూసుకో సిరిల్. నేను సంచీ వెతుక్కోవడం అందరూ చూశారు. నాకంటే అనుమానాస్పదంగా ఎవరున్నారు?" అంది మురియల్.

"నోటీసు ఇచ్చిందే నేను!" అని గిడ్లీ లేచాడు. "న్యాయంగా మొదటి అంశం నేనే కావాలి."

మేము పదిమందిమీ అలా పోట్లాడుకుంటుంటే, పాస్కోకు నిజాయితీగా ఓటేసిన పన్నెండు మందీ మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు. చివరికి వాళ్లలో ఒకావిడ చెయ్యెత్తింది.

"మమ్మల్ని కూడా కాస్త అనుమానించొచ్చు కదా, ఆంబ్రోస్? మంగళవారాలు నేను ఖాళీయే."