చల్లని బానెట్

ఇంగ్లండులోని లెమ్‌స్టర్ చుట్టుపక్కల విల్ఫ్రెడ్ ఆట్లీ అంటే తెలియనివాళ్ళు లేరు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు దొరలు ఎక్కి తిరిగిన పెద్ద పెద్ద కార్లు కొని, బాగుచేసి, మళ్ళీ అమ్మడమే అతని బతుకుతెరువు. ఆ వ్యాపారంలో అబద్ధాలకు కొదవ లేదు. అందుకే కొనడానికొచ్చినవాడు అమ్మేవాడితో చెయ్యి కలపక ముందే ఇంజనును కప్పే బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. వెచ్చగా ఉందంటే, చల్లని ఇంజను మొరాయిస్తుందని ముందే తిప్పి వేడెక్కించి, లోపం దాచారన్నమాట. ఇక ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మడు. విల్ఫ్రెడ్ మాత్రం, "ముందు చెయ్యి పెట్టి చూడండి, టీ తరవాత తాగుదురుగాని" అని తనే బానెట్ చూపించేవాడు. ముసలాయన సంపాదించుకున్నదల్లా ఆ మంచిపేరే.

ఆ ఏడు భార్య మ్యూరియల్‌కి మతిమరుపు పట్టుకుంది. బడిలో తరతరాల పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, పొయ్యి మీద కెటిల్ పెట్టి ఎందుకు పెట్టానా అని తడుముకునేది. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవరికీ చెప్పకు విల్ఫ్. అయ్యో పాపం అంటే నేను భరించలేను."

చెప్పనని మాటిచ్చాడు.

అక్టోబరులో నల్ల లగొండా కారు అమ్మకానికి పెట్టాడు. పంతొమ్మిదివందల ముప్పై ఆరు నాటి బండి. కొనడానికి ప్రైస్ అనే ఆయన మధ్యాహ్నం వస్తానన్నాడు. పాత కార్ల క్లబ్బులో ఆయన మాటకు ఎదురు లేదు. ఆ పొద్దున మ్యూరియల్ ఎన్నాళ్ళకో తేటగా లేచింది.

"ఎలాగూ అమ్మేస్తున్నావుగా, ఒక్కసారి వంతెన దాకా తిప్పు" అంది.

కుదరదనాలి. నోరు రాలేదు. మధ్యాహ్నానికి చల్లారిపోతుందిలే అనుకున్నాడు. దారంతా ఆమె పాటలు పాడింది. "గేరు అలా కరకరలాడించకు, పెళ్ళైన కొత్తలోనూ ఇదే గోల" అని ఏడిపించింది. విల్ఫ్రెడ్‌కి ప్రాణం లేచొచ్చింది.

తిరిగొచ్చి కోట్లు విప్పారో లేదో, ప్రైస్ దిగబడ్డాడు, చెప్పిన వేళకంటే చాలా ముందు. తిన్నగా షెడ్డులోకి వెళ్ళి అరచెయ్యి ఆనించాడు. బయట సన్నగా వాన పడుతోంది.

"ఏం ఆట్లీ గారూ, మీ షెడ్డులో ఎండ బాగా కాస్తున్నట్టుందే?"

"మా ఆవిడ సరదా పడితే ఇందాక అలా తిప్పుకొచ్చానండీ" అని నవ్వబోయాడు విల్ఫ్రెడ్.

టీ ట్రే పట్టుకుని వస్తున్న మ్యూరియల్ ఠక్కున ఆగింది. "నేనా? ఆ బండెక్కి ఎన్ని నెలలైందో!"

ప్రైస్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె జబ్బు సంగతి ఒక్క ముక్క చెబితే విల్ఫ్రెడ్ పరువు దక్కుతుంది. కానీ అది ఆమె ఎదుటే చెప్పాలి. ఏదో పొరపాటు జరిగిందని ఆమెకు తెలుస్తోంది, ఏమిటో అందడం లేదు.

"నేనే ఇంజను వేడిచేసి ఉంచానండీ" అన్నాడు విల్ఫ్రెడ్. "చలికి మొరాయిస్తుందేమోనని."

"మీరు కూడానా!" అన్నాడు ప్రైస్. టీ ముట్టకుండా వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల్లో క్లబ్బంతా గుప్పుమంటుంది. ఒక మనిషి జీవితమంతా కూడబెట్టుకున్న పేరు అలా పోయింది, ఎంత అన్యాయం!

మ్యూరియల్ ట్రే బల్ల మీద పెట్టి భర్త దగ్గరికొచ్చింది. ఆమె మొహంలో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

"ఇన్నేళ్ళూ తలెత్తుకు బతికాం కదా విల్ఫ్. ఇప్పుడిదేం బుద్ధి నీకు?"

విల్ఫ్రెడ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పైపోయింది మ్యూరియల్" అన్నాడు. "ఇంకెప్పుడూ చెయ్యను."