ఐలేసా క్యాసెట్టు

పోర్టులో బరువులు లాగేటప్పుడు జగ్గారావు పాట కట్టేవాడు, తోటి కలాసీలు "ఐలేసా" అని అందుకునేవారు. మేస్త్రీ బొజ్జ మీద, తన భార్య సన్యాసమ్మ కట్టిన చద్దన్నం మీద, ఏ రోజు పాట ఆ రోజే పుట్టేది. పెద్ద క్రేన్లు వచ్చాక ఆ పాటతో ఎవరికీ పని లేకపోయింది.

ఎనభై రెండులో బావమరిది వరహాలు టేప్‌రికార్డరూ, సినిమా పాటల క్యాసెట్టూ తెచ్చిచ్చాడు. నెల్లాళ్లు జగ్గారావు ఊరికే వింటూ కూర్చున్నాడు. ఒక ఆదివారం పాటలు చెరిగిపోకుండా ఆ క్యాసెట్టు పైన ఉంచిన కంతలను ప్లాస్టరుతో మూసి, సినిమా పాటల మీదే తన పాట రికార్డు చేశాడు.

సాయంత్రం వరహాలు వచ్చి విన్నాడు. ప్రతి చరణం తర్వాతా టేపు మూగబోతోంది.

"మెషీను సెడిపోనాదేటి బావా, మద్దిలో ఆగిపోతంది?"

"సెడిపోలేదురా. నువ్వు అందుకోడానికి కాళీ వొగ్గేసాను."