తెర వెనక సింహరాజు నవ్వు

సిరాతో గీసిన సింహానికి జడిసి మూడు రోజులు అన్నం సహించని మూర్ఖుణ్ణి నేను. 1948 సెప్టెంబరు. పోలీసు చర్య ముగిసి, భారత సైన్యం ఊళ్ళోకి వచ్చిన రోజులు. మోండా మార్కెట్ దగ్గరి ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌ని, అంటే ప్రొజెక్టర్ తిప్పేవాణ్ణి. ఆటలు బందు. అయినా ముసురుకు మిషన్ చెమ్మ పట్టకుండా రోజూ మధ్యాహ్నం ఒక రీలు తిప్పాలని మేనేజర్ హుకుం.

చేతికందింది ఒక బొమ్మల రీలు. అసలు సినిమాకు ముందు వేసే ఆ విదేశీ బొమ్మలన్నిటికీ ఒకటే రాజు, ఒక సింహం. అడవి తగలబడుతున్నా జూలు దువ్వుకునే రకం. కిరీటం ముక్కు మీదికి జారినా అద్దంలో చూసుకుని మురిసి, నోరంతా తెరిచి నవ్వుతుంది.

ఉత్త హాలుకు శబ్దమెందుకని ఆంప్లిఫైయర్ పెట్టలేదు. సింహం నోరు తెరిచింది. నవ్వు వినిపించింది.

తెరలోంచే వచ్చింది. సన్నగా, దగ్గు కలిసిన నవ్వు. మిషన్ ఆపాను. సింహం మాయమైంది. నవ్వు మాత్రం మరో క్షణం సాగి, ఎవరో నోరు నొక్కినట్టు ఆగింది. కిందికి చూస్తే ఖాళీ కుర్చీలు, చెమ్మ వాసన. సింహం దువ్వుకున్న జూలు పడుకుంది గాని, నా జుట్టు లేచి నిలబడింది.

మర్నాడు తలుపులన్నీ గడియపెట్టి మళ్ళీ తిప్పాను. అదే చోట, అదే నవ్వు. ఆ సాయంత్రం మెట్టుగూడలో మా గల్లీ అంతా చెప్పుకున్నాను. మేనేజర్ మాత్రం నమ్మలేదు.

"దయ్యం లేదు, గియ్యం లేదు. ఎవడో దాక్కున్నడు. రేపు పగటీలి సిపాయిలను పిలుస్త."

ఆ రోజుల్లో దాక్కున్నవాడంటేనే తప్పు చేసినవాడని లెక్క.

మూడో పొద్దున పక్కింటి హుసేన్ బీ వచ్చింది. మా హాలు గేట్ కీపర్ మస్తాన్ భార్య. గొడవల్లో మస్తాన్ ఊరికి పోయాడని చెప్పింది ఆమే.

"అన్నా, నీకు దయ్యం నవ్వు ఇనవడ్డదట గద?"

"నగకు చెల్లె. పానం పోయినంత పనైంది."

"ఎడమ చేత్తోని జూలు దువ్వుకునే రాజును చూస్తె దయ్యానికి సుత నవ్వొస్తది."

కుడి చెయ్యి అని సరిదిద్దబోయి ఆగాను. మా తెర నిండా సన్నటి చిల్లులు. వెనకున్న స్పీకర్ శబ్దం వాటిలోంచే హాల్లోకి వస్తుంది. వెనక నిలబడితే బొమ్మా కనిపిస్తుంది, కాని కుడి ఎడమవుతుంది. హుసేన్ బీ ఏనాడూ హాల్లో అడుగుపెట్టలేదు. ఆమెకు చెప్పినవాడు తెర వెనక ఉన్నాడు.

"మస్తాన్ హాల్లనే ఉన్నడా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవలకు చెప్పకన్నా, నీ కాల్మొక్త."

"చెప్పుడు అయిపోయింది చెల్లె. పగటీలి సిపాయిలొస్తున్రు."

నా పైజామా, చొక్కా సంచిలో కుక్కుకుని హాలుకు పరుగెత్తాను. మస్తాన్ స్పీకర్ పెట్టె చాటున ముడుచుకుని ఉన్నాడు, ఒంటిమీద గేట్ కీపర్ ఖాకీ బట్టలతో. రజాకార్లు తొడిగిందీ ఖాకీనే. బజార్లో ఎవరో ఆ బట్టలు చూసి తరిమితే, వెనక తలుపున దూరాడట. చీకటి పడ్డాక భార్య రొట్టెలు తెచ్చి ఇచ్చి పోయేదట.

"నవ్వకుండ కూసోలేక పోయినవార?"

"ఏం చేయాలన్నా? దినమంత చీకట్ల కూసుంటె ఏడుపొస్తది. నువ్వు ఆ షేర్‌ను, గా సింహం రాజును ఏస్తె జెర పానం లేసొచ్చేది."

బట్టలు మార్పించి, ఖాకీని నా సంచి అడుక్కి తోసి, ముందు గేటు నుంచే బయటికి తెచ్చాను. ఎదురుగా మేనేజర్, ఇద్దరు సిపాయిలు.

"ఏందిర మస్తాన్, ఊరికెల్లి ఎప్పుడొచ్చినవ్?"

"ఇప్పుడే సాబ్."

"మంచిగైంది. తలుపులు తియ్యి, చూపియ్యి."

తనను వెతకడానికి వచ్చినవాళ్ళకు మస్తానే తలుపులు తీశాడు. సిపాయిలు తెర వెనక కూడా చూశారు. పెట్టె మీద చెయ్యి ఉంచి ఒకతను చాలాసేపు నిలబడ్డాడు. మస్తాన్ ఒంటి వేడికి పెట్టె ఇంకా వెచ్చగా ఉందేమోనని నేను అతని మొహమే చూశాను. అతను అరచెయ్యి దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మిషన్ తిప్పాను. భయం వేసినప్పుడు ముందు నోరు విప్పకూడదని, వెళ్ళి చూడాలని ఆ సంఘటన నేర్పింది. నా వాగుడుకు ఒక మనిషి పోయేవాడు.

అయినా మస్తాన్ పోగొట్టిన మూడు రోజుల అన్నం బాకీ బాకీయే. ఆటలు మళ్ళీ షురూ అయిన నాడు, దయ్యం మాట విన్న జనానికి ధైర్యం చెప్పేలా ఒక స్లయిడ్ రాయమన్నాడు మేనేజర్. గాజుపలక మీద రాసి తెర మీద వేసే ప్రకటన అది. రాసి వేశాను: "ఈ హాల్లో దయ్యం లేదు. ఉన్నది మా గేట్ కీపర్ మస్తానే."

హాలంతా గొల్లుమంది. తలుపు దగ్గర టార్చి పట్టుకుని నిలబడ్డ ఒక్కడు మాత్రం నవ్వలేదు.