కవచాలు చేసే ఇంట్లో ఒక కాలిన ముఖం

2011, తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. ఆ రోడ్డు వెనక కాలనీలో, మా ఇంటి పెరటి గదిలో, నేను రాజులకూ రాక్షసులకూ కవచాలు చేస్తుండేదాన్ని. స్కూలు వార్షికోత్సవాలకీ, పౌరాణిక నాటకాలకీ, బాలాపూర్ వైపు వినాయక మండపాల సెట్టింగులకీ. మాది తెనాలి. బీయస్సీ కెమిస్ట్రీ చదివి ప్లాస్టిక్ కిరీటాలు చేసుకోవడమేమిటని మా బంధువులకి ఇప్పటికీ బాధ. వాళ్ళ బాధ వాళ్ళది, నా పని నాది.

పని పేరు వాక్యూమ్ ఫార్మింగ్. ముందు ప్లాస్టర్‌తో ఛాతీ ఆకారం చేసుకోవాలి, దాన్ని పాజిటివ్ అంటాం. ప్లాస్టిక్ షీటుని చట్రంలో బిగించి హీటర్ కాయిల్ కింద పెడితే మెత్తబడి మధ్యలో కిందికి జారుతుంది. అప్పుడు దాన్ని పాజిటివ్ మీదికి దించి అడుగునుంచి గాలి లాగేయాలి. నాకు ఆ పని చేసిపెట్టేది పాత వాక్యూమ్ క్లీనర్ మోటారు. క్షణంలో షీటు తడిగుడ్డలా అంటుకుపోతుంది. చల్లారాక కత్తిరించి ఇత్తడి రంగు వేస్తే వెనక వరుసవాళ్ళకి అది లోహమే. ముందు వరుసలో ఎలాగూ ముఖ్య అతిథులుంటారు, వాళ్ళు నిద్రపోతుంటారు.

సునంద గారు ప్రభుత్వ దవాఖానలో కాలిన గాయాల వార్డులో థెరపిస్టు. కూతురి స్కూల్లో నా కవచం చూసి వెతుక్కుంటూ వచ్చారు.

"ట్రాన్స్‌పరెంట్ షీటుతో ముఖానికి మాస్క్ చెయ్యగలరా?"

"ఏ నాటకానికండీ?"

"నాటకం కాదు. పేషెంటుకి."

కాలిన చర్మం మానేటప్పుడు మచ్చ ఉబ్బి, గట్టిపడి, పక్క చర్మాన్ని తనవైపు లాగేసుకుంటుందట. దాన్ని నెలల తరబడి నొక్కిపెట్టి ఉంచితే చదునుగా మానుతుందట. "నేను రాక్షసుల పని చేసేదాన్ని, నాకొద్దీ బాధ్యత" అన్నాను. "మనిషిని చూసి చెప్పండి" అన్నారావిడ. గడుసు మనిషి.

ఆ పేషెంటు పేరు శ్రీశైలం. ఎల్బీనగర్‌లో ఆటో డ్రైవరు, పాతికేళ్ళు కూడా లేవు. తల్లి అంజమ్మతో వచ్చాడు. ఎడమ చెంప, గదవ కాలాయి. కింది పెదవి గదవ వైపు జారడం మొదలైంది, రెండు పెదవులూ కలవడం లేదు. నీళ్ళు తాగితే సగం చొక్కా మీదే. ప, బ, మ వచ్చే మాట దగ్గర పై పళ్ళతో కింది పెదవిని అందుకోవాలని తంటాలు పడేవాడు. వాడి మాటలు నేనిక్కడ సాఫీగా రాస్తున్నాను గానీ వినడానికి అలా ఉండేవి కావు.

"ఎలా జరిగింది నాయనా?"

"చౌరస్తాల దిష్టిబొమ్మ కాలవెడుతున్నం మేడం. నేను పెట్రోల్ పోస్తున్న. ఎనకకెళ్ళి ఎవడో అగ్గిపుల్ల గీసిండు."

"ఎవరి బొమ్మ?"

"మీ ఆంధ్ర లీడర్‌దే చెల్లె" అంది అంజమ్మ.

"అయితే మావాడు బొమ్మై కూడా మీవాణ్ణి కాల్చాడన్నమాట."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ నావైపు సూటిగా చూసింది. "మీవోడేం కాల్చలె. అగ్గిపుల్ల గీసినోడు మావోడే. మా గల్లీలనే ఉంటడు. దవాఖానకు ఒక్కనాడు రాలె."

ఆ మాటతో పని ఒప్పుకున్నాను.

కవచం ఒంటికి ఎడంగా ఉండాలి. గాలి ఆడాలి, నటుడు పద్యం ఎత్తుకుంటే ఛాతీకి చోటుండాలి. మాస్క్ దీనికి తిరగేసిన పని. సునంద గారు ప్లాస్టర్ కట్టుతో వాడి ముఖం అచ్చు తీసిచ్చారు, నేను పాజిటివ్ పోశాను. మచ్చ ఉబ్బిన చోటల్లా ఆవిడ పెన్సిలుతో గీత గీస్తే నేను అక్కడ ప్లాస్టర్‌ని గీకి లోతు చేశాను. ముఖం ఎలా ఉందో అలా కాదు, ఎలా ఉండాలో అలా చెక్కాలి. మొదటి షీటులో చెమ్మ ఉండి బుడగలు వచ్చాయి. రెండోది గదవ కింద మడతపడింది, దాన్ని వెబ్బింగ్ అంటాం. కవచానికైతే ఆ మడత మీద ఒక పువ్వు అతికించేదాన్ని. మనిషి గదవ మీద ఏం అతికిస్తాం? మూడోది కుదిరింది.

తొడిగి ఎలాస్టిక్ పట్టీలు బిగించాక సునంద గారు నన్ను దగ్గరికి పిలిచారు. "చూడండి, ఎర్రటి మచ్చ తెల్లబడింది. నొక్కుడు సరిపోయినట్టు." మాస్క్ ట్రాన్స్‌పరెంట్‌గా ఉండేది ఈ తెలుపు కనపడడానికే. ఎరుపు మిగిలిన చోట ప్లాస్టిక్‌ని కాస్త వేడిచేసి లోపలికి నొక్కాను.

"ఎప్పుడెప్పుడు తియ్యాలె?" అన్నాడు వాడు.

"తిండికీ స్నానానికీ. పడుకున్నా ఉండాల్సిందే."

"ఎన్నొద్దులు?"

"ఏడాది."

"ఏడాదా!" వాడు తల్లిని చూశాడు. ఆవిడ మాస్క్‌ని చూస్తోంది.

కొన్ని వారాలు బుద్ధిగా వచ్చాడు. మచ్చ దిగుతున్న కొద్దీ నేను మాస్క్ సరిచేస్తున్నాను. ఒకరోజు మా ఇంట్లో గ్లాసుడు నీళ్ళు తాగాడు, ఒక్క చుక్క కారలేదు. అంజమ్మ కొడుకు చొక్కాని తడిమి చూసుకుంది. ఆ తర్వాత రావడం మానేశారు.

సునంద గారు ఫోన్ చేశారు, దవాఖానకి కూడా రావడం లేదని. నేనే ఎల్బీనగర్ వెళ్ళాను. ఇంటికి తాళం. చౌరస్తా దగ్గర రిలే నిరాహార దీక్ష టెంటులో ఉన్నారన్నారు పక్కింటివాళ్ళు.

వేదిక మీద, ముందు వరుసలో, మెడలో బంతిపూల దండతో కూర్చున్నాడు. మాస్క్ లేదు. అందరూ అన్నా అని పిలిచే ఆ ఏరియా లీడర్ మైకులో చెబుతున్నాడు: "తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్న మన తమ్ముడు!" వాడు తల దించుకున్నాడు. ఆడవాళ్ళు వచ్చి వాడి తల నిమిరి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒక ముసలాయన వంగి కాళ్ళకి దండం పెట్టబోయాడు.

నేను వేదిక ఎక్కేశాను. "మాస్క్ ఏదిరా?"

"సంచిల ఉన్నది మేడం."

"సంచికి కాలలేదు, నీకు కాలింది."

లీడర్ వచ్చాడు. "ఎవరమ్మా మీరు? జర కిందికి దిగుండ్రి. ప్రెస్సోళ్ళు వస్తున్నరు. మొకం కనవడకుంటే ఎట్ల?"

"అది ట్రాన్స్‌పరెంటే కదా, కనపడుతుంది."

"గది వెట్టుకుంటే తక్కువైనట్టు కనవడ్తది."

"తక్కువ కావడానికేనయ్యా పెట్టింది!"

ఆయన జనం వైపు తిరిగాడు. "చూసిన్రా, ఆంధ్రామె ఒచ్చి మన పోరని నోరు మూస్తనంటున్నది." టెంటంతా ఒకటే నవ్వు.

"మూయడానికే చేశాను. పెదవులు మూసుకోగలిగితేనే రేపు మీ పేరైనా పలకగలడు" అన్నాను. ఇంకా చాలా అనేదాన్ని. శ్రీశైలమే అడ్డం వచ్చాడు.

"మీరు పోండి మేడం. ఏడాది ఇంట్ల కూసుంటె నన్ను చూసేటోళ్ళు ఎవరున్నరు?"

అంజమ్మ నాతోపాటు రోడ్డుదాకా నడిచింది. "గది వెట్టుకొని బస్టాపుల నిలవడ్తె పక్కనోళ్ళు జరుగుతరు చెల్లె. ఆటో ఎక్కవోయినోళ్ళు ఆగిపోతరు. గీడ గా మొకానికే దండమేస్తున్నరు. నేను ఏమని గుంజుకరావాలె, నువ్వే చెప్పు."

"రాత్రిళ్ళైనా పెట్టించు" అని చెప్పి బస్సెక్కాను.

కొన్నాళ్ళకి టెంటు తీసేశారు. ప్రెస్సువాళ్ళు వేరే ముఖాల దగ్గరికి వెళ్ళారు. తర్వాత ఎప్పటికో శ్రీశైలం మాస్క్ పట్టుకుని వచ్చాడు. తొడిగితే ముఖానికి అమరలేదు. మచ్చ తాడులా బిగిసి, పెదవి గదవకి అతుక్కుపోయి, కింది చిగుళ్ళు బయటపడ్డాయి. పాజిటివ్‌లోని ముఖం ఎక్కడిదక్కడే ఉంది, మనిషి ముఖం అక్కడ లేదు. నేను ఎంత వేడిచేసి ఎంత సాగదీసినా అందలేదు. సునంద గారు చూసి, ఇక కోసి, తొడ చర్మం అతికించడమే అన్నారు. ఆపరేషన్ చేశారు. అతికించిన చర్మం కూడా కొంత ముడుచుకుపోయింది. పెదవులు కలవలేదు. ఆటో అమ్మేసి కొత్తపేట పండ్ల మార్కెట్లో పెట్టెలు సర్దే పనిలో చేరాడు. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

రాష్ట్రం వచ్చిన రోజు అంజమ్మ నాకు లడ్డూ తెచ్చి ఇచ్చింది. "వానికి పొడి చేసి పాలల్ల కలపాలె" అని వెంటనే వెళ్ళిపోయింది.

ఆ లీడర్‌ని తిట్టడం సులువు. నేనూ తిట్టాను, ఇకముందూ తిడతాను. కానీ ఆయన వాడి ముఖాన్ని వాడుకున్నాడంటే, అంతకుముందు దాన్ని ఎవరూ చూడకపోబట్టే కదా? నాకున్న విద్యంతా నొక్కుడు సరిపోయిందా లేదా అన్నదాని మీదే. ప్లాస్టిక్ తన పని తాను చేసింది. ఏడాదిపాటు దాన్ని పెట్టుకుని కూర్చోవలసింది మనిషి.

సునంద గారు ఇప్పటికీ పేషెంట్లని పంపుతుంటారు. పాజిటివ్ పోసే ముందు ఒక్కటే అడుగుతాను: రోజూ అన్నం తినేటప్పుడు నీ ఎదురుగా ఎవరు కూర్చుంటారు? ఆ మనిషిని తీసుకొస్తేనే పని. మొన్న ఒకాయనకి కోపం వచ్చింది. "ప్లాస్టిక్ పని చేసేవాళ్ళకి మా ఇంటి సంగతులెందుకండీ?"

"ఈ ముఖం ఏడాదిపాటు ఉండేది మీ ఇంట్లోనే కాబట్టి."

విసురుగా వెళ్ళి, మర్నాడు భార్యని తీసుకొచ్చాడు. ఆవిడ గుమ్మంలోనే నేల చూస్తూ నిలబడిపోయింది.

"ఆయన్ని చూడమ్మా" అన్నాను.

చూసేదాకా హీటర్ వెయ్యలేదు.