దగ్గరది, నడిమిది, దూరంది

మా అమ్మకు యూనివర్సిటీల పేర్లు నోరు తిరగవు. అందుకని నాకు ఎమ్మే హిస్టరీలో సీటు వచ్చే మూడింటికీ తానే పేర్లు పెట్టుకుంది: దగ్గరది, నడిమిది, దూరంది. నా ర్యాంకుకు మూడింట్లో ఏది అడిగితే అది దొరుకుతుందని, కౌన్సెలింగ్ ఆప్షన్లలో ఏది మొదట పెడితే అదే వస్తుందని తెలిసినవాళ్లు చెప్పారు. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ ఏదీ ఏరుకునే పని పడలేదు. దొరికింది తీసుకోవడమే అలవాటు.

ఇల్లు అంటున్నాను గానీ అది అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్ వంటింటి వెనక గది. అమ్మ అక్కడ వంట చేస్తుంది. గది పనితో వచ్చింది, పనితోనే పోతుంది. హాస్టల్ నిండా గ్రూప్స్‌కో టీచర్ పోస్టులకో చదివే అమ్మాయిలే. ఏళ్ల తరబడి పోపు పొగ పీల్చి అమ్మకు దగ్గు పట్టుకుంది. పెనం ముందు ఎక్కువసేపు నిలబడలేకపోతోంది. సాయంత్రం చపాతీలు కాల్చే పని నేను తీసుకున్నాను. ఇంటర్ తర్వాత కాలేజీ గడప ఎక్కలేదు. డిగ్రీ దూరవిద్యలో చేశాను. పుస్తకాలు వచ్చాయి, చదివాను, పరీక్ష రాశాను. మధ్యలో మనిషి లేడు.

నన్ను చదివించింది చిక్కడపల్లి లైబ్రరీ. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది లైబ్రరీ పుస్తకం ముట్టరు. గైడ్లు తామే తెచ్చుకుంటారు. వాళ్లకు కావలసింది ఒక కుర్చీ, ఒక ఫ్యాను, పక్కన తమలాగే చదివే ఇంకో మనిషి. పొద్దున్నే వచ్చి కుర్చీలో చిన్న దిండు పెట్టి టిఫిన్‌కు పోతే, తిరిగి వచ్చేదాకా ఆ కుర్చీ జోలికి ఎవరూ రారు. నాకు దిండు ఎప్పుడూ లేదు. నాకు బీరువాలు కావాలి. చరిత్ర బీరువాలో పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివాను. మొదటి సంపుటం పోయి రెండోదే మిగిలిన పుస్తకాలనూ వదల్లేదు. శాతవాహనుల నాణేల మీదో, కాకతీయుల చెరువుల మీదో రీడింగ్ హాల్లో ఎవరికైనా అనుమానం వస్తే "లైబ్రరీ పిల్లను అడుగు" అనేవాళ్లు. నన్నెవరూ ఏ క్లాసులోనూ కూర్చోబెట్టలేదు, ఆ పేరు నేనే సంపాదించుకున్నాను. దాని విలువ నాకు తెలుసు.

కానీ నేను రాసిన ఒక్క పేజీ కూడా ఎవరూ చదవలేదు. ఎమ్మే చేయాలనుకున్నది ఉద్యోగానికి కాదు. నేను రాసింది చదివి, ఇదిగో ఇక్కడ తప్పు అని వేలు పెట్టి చూపే ఒక మనిషి కావాలి. అంతే.

ఆప్షన్లు మొదలయ్యే ముందు మూడూ చూసి వచ్చాను. దగ్గరదానికి నారాయణగూడ నుంచి ఒకే బస్సు. గేటు దాకా పోయి, నోటీసు బోర్డు చదివి వచ్చాను. సెలవులు, ఎవరూ లేరు. నడిమిదాంట్లో హాస్టల్ ఈ ఏడు దొరుకుతుందని చెప్పలేమన్నారు. దూరందానికి కాచిగూడలో ప్యాసింజర్ ఎక్కి పోయాను. డిపార్టుమెంటు వరండాలో ఒక పెద్దాయన పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. తలంతా తెల్లబడింది. ఏం కావాలమ్మా అన్నాడు. చెప్పాను. ఏమేం చదివావన్నాడు. ఆ ప్రశ్న కోసం ఏళ్లుగా ఎదురుచూసినదాన్ని కదా, ఆపకుండా చెప్పుకుంటూ పోయాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"బాగనే చదివినవ్. మరి వీట్ల ఏ పుస్తకమన్న తప్పు చెప్తున్నదని ఎన్నడన్న అనిపించిందా?"

లేదని తలూపాను. మా హాల్లో పుస్తకమంటే జవాబు. రెండు పుస్తకాలకు తేడా వస్తే ఏది కరెక్టని అడుగుతాం. రెండూ తప్పు కావచ్చని ఎవరమూ అనుకోం.

ఆయన ఒక తెల్లకాగితం చేతికిచ్చాడు. "కూసో. చెరువుల గురించి ఒక పేజీ రాయి. నేను చాయ్ తాగొస్త."

రాశాను. తిరిగి వచ్చి నిలబడే చదివాడు.

"ఈ చెరువు ఈ రాజు తవ్విచ్చిండు, ఆ చెరువు ఆ రాజు తవ్విచ్చిండు. మంచిది. గడ్డపార పట్టిందెవరు బిడ్డా?"

"పుస్తకంలో లేదు సర్."

"లేకపోతే లేదని రాయాలె. ఎందుకు లేదో అడగాలె. నువ్వు దాని మీదికెళ్లి దుంకి పోయినవ్."

దుంకిన చోట పెన్నుతో ఒక గీత పెట్టి కాగితం నాకిచ్చేశాడు. తిరుగు రైల్లో ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. మొదట కోపం వచ్చింది. ఊళ్లు దాటుతున్నకొద్దీ కోపం తగ్గి ఆకలి లాంటిదేదో మిగిలింది. మళ్లీ రాయాలి, మళ్లీ ఆయనకు చూపించాలి.

లైబ్రరీలో ఈ సంగతి మొదట చెప్పింది అక్కకు. అక్కంటే సొంత అక్క కాదు. మా హాస్టల్లోనే ఉండి, నేను కాల్చిన చపాతీ తిని, హాల్లో నా ఎదురు కుర్చీలో చదివే మనిషి. ఆమె చదవడం మొదలుపెట్టినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయో, ఎన్ని రద్దయ్యాయో ఆమెకే లెక్క తప్పింది. ఏ ప్రశ్న వచ్చినా ముందు తప్పు జవాబులు కొట్టేసుకుంటూ పోవాలనేది ఆమె సిద్ధాంతం. మా హాలు మొత్తానిది అదే సిద్ధాంతం. మేం కూర అట్లాగే ఏరుకుంటాం, చెప్పులు అట్లాగే కొంటాం.

"ఎలిమినేషన్ చేద్దాం. నడిమిదాంట్ల హాస్టల్ గ్యారంటీ లేదన్నరు. కొట్టెయ్. దూరందాంట్ల ఏముంది?"

"సారున్నడక్కా."

"సారు ఆప్షన్ కాదే. ఆయన జుట్టెట్లుంది?"

"తెల్లగ."

"రేపో మాపో రిటైర్ అయితడు. గప్పుడేం జేస్తవ్? కొట్టెయ్."

పక్క కుర్చీ అమ్మాయి గైడ్ లోంచి తల ఎత్తింది. "ఆప్షన్ డి అక్కా. పైవేవీ కావు. పెండ్లి చేసెయ్."

"ముందు నీది తేల్చుకోవే. మొన్న ప్రిలిమ్స్‌ల నువ్వు బబుల్ చేసినయన్నీ గవే." అందరూ నవ్వారు. చదువుకునే చోట ఏందీ లొల్లి అని ఎవరో గద్దించారు. అక్క గొంతు తగ్గించింది. "దగ్గరదే పెట్టు. ఇల్లుంది, లైబ్రరీ ఉంది, నోటిఫికేషన్ పడితే ఇక్కడే ఉంటవ్. అయినా నువ్వు పోతే మాకు చపాతీలెవరు కాలుస్తరు?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఆ మాటే మర్నాడు హాస్టల్ ఓనర్ ఆంటీ నవ్వకుండా అంది. వాళ్లది కృష్ణా జిల్లా వైపు. ఎంత గట్టి మాటైనా మెత్తగా అంటుంది.

"చదువుకోవద్దని అనట్లేదమ్మా. కానీ నువ్వెళ్లిపోతే మీ అమ్మ ఒక్కతీ లాగలేదు. అప్పుడు నేను వేరే మనిషిని చూసుకోవాలి కదా. ఆ మనిషికి ఆ గది ఇవ్వాలి కదా."

అమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ అంతా విన్నది. ఆంటీ పోయాక అన్నది, "దూరందే పెట్టు బిడ్డా. దగ్గే గద. మనిషిని తింటదా?" ఆ మాట ముగించేలోపే దగ్గు తెర వచ్చింది. కత్తిపీట పక్కకు జరిపి, గోడ పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నీళ్లు తెచ్చేసరికి "పో, పోయి చదువుకో" అని చెయ్యి ఊపింది.

ఆఖరు రోజు మధ్యాహ్నం లైబ్రరీ ఆవరణలో చెట్టు కింద కూర్చుని ఫోన్ తీశాను. అక్క నా భుజం మీదుగా చూస్తోంది. దూరందాన్ని మొదట పెట్టాను. తీసేశాను. దగ్గరదాన్ని పెట్టాను. "ఆలోచిస్తే నెగెటివ్ మార్కులే" అంది అక్క. సేవ్ నొక్కాను. అదే వచ్చింది.

మొదటి రోజు క్లాసులో బెంచీలు చాలావరకు ఖాళీ. వచ్చినవాళ్లలో సగం మంది చిక్కడపల్లిలో చూసిన ముఖాలే. పాఠం చెప్పేది పార్ట్‌టైమ్ సారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. గ్రూప్స్‌కు చదివేవాళ్లు చేతులెత్తమన్నాడు. నా చెయ్యి తప్ప అన్నీ లేచాయి.

"మంచిది. రోజూ రావాలని ఇబ్బంది పెట్టను. ముఖ్యమైన ప్రశ్నలు వాట్సాప్ గ్రూపులో పెడతాను."

ఆయనను తప్పుపట్టలేను. రెండో వారంలోనే అర్థమైంది. లైబ్రరీ ఆవరణలో, ప్రహరీ పక్కన మడత కుర్చీ వేసుకుని, లెక్చరర్ పోస్టుల గైడ్ ముందేసుకుని ఆయనా కూర్చుని ఉన్నాడు. కుర్చీలో చిన్న దిండు. నన్ను చూసి కాస్త సిగ్గుపడి, తర్వాత నవ్వాడు. నేను నమస్తే పెట్టాను.

చెరువుల వ్యాసం అప్పటికి మళ్లీ రాశాను. ఈసారి శాసనాల పుస్తకాలన్నీ దింపి, కూలి గురించి, వెట్టి గురించి ఎక్కడ చెప్పారో ఎక్కడ చెప్పలేదో చూసి, తెలియనిది తెలియదని రాశాను. నా ముందున్న రెండు పుస్తకాలు ఎక్కడ తప్పుతున్నాయని నాకనిపించిందో కూడా రాశాను. అది రాయడానికి ధైర్యం కూడదీసుకోవాల్సి వచ్చింది. ఒక సాయంత్రం ప్రహరీ దగ్గరికి పోయి ఆయన చేతికిచ్చాను. మొదటి పేజీ చదివాడు. మిగతావి తిరగేశాడు.

"బాగ రాసినవ్ చెల్లె. కానీ ఇంత అక్కర్లేదు. పరీక్షల గింత రాస్తే టైమ్ సరిపోదు. పాయింట్లు రాయి, కింద గీతలు కొట్టు, మార్కులు పడతయ్."

"తప్పులున్నాయా సర్?"

"తప్పులేముంటయ్? మంచిగుంది." కాగితాలు తిరిగిచ్చి, తన గైడ్ నా వైపు తిప్పాడు. "గదిట్ల ఉండనియ్, శాతవాహనుల నాణేలు నీకు బాగొచ్చంటరు కదా. ఈ బిట్‌కు ఏ కరెక్టా, సి కరెక్టా?"

చూశాను. సి అన్నాను. ఆయన పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నాడు. ఇంకో నాలుగు అడిగాడు, చెప్పాను. థ్యాంక్స్ చెల్లె అన్నాడు. నిజంగానే కృతజ్ఞతగా అన్నాడు.

చపాతీల వేళకు ఇంటికొచ్చాను. అమ్మ పీట మీద కూర్చుని ఉండలు చేస్తోంది. నేను వ్యాసం పట్టుకుపోయిన సంగతి ఆమెకు తెలుసు.

"సారు చూసిండా?"

"చూసిండు."

"ఏమన్నడు?"

"బాగ రాసినవన్నడు."

"తప్పులేం లేవా?"

"లేవన్నడు."

అమ్మ చేతిలోని ఉండను పళ్లెంలో పెట్టి నా ముఖంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం తేటపడింది. "మరింకేంది బిడ్డా! గంత దూరం పోతే మాత్రం అక్కడి సారు ఇంతకన్న ఏం జెప్తుండె? నీకు అన్యాయం జేసిన్నేమో అని ఊకె పరేషాన్ అయితున్న."

"ఏం లేదమ్మా" అన్నాను. పెనం కాగింది. మొదటి చపాతీ వేశాను.