మధ్యది తీసేసే బాబాయి

బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కంటి ముందు మూడు వస్తువులు వరసగా కనిపించాయంటే మధ్యది తీసేసి, ఏమవుతుందో చూస్తాడు. తక్కిన విషయాల్లో ఆయనంత నెమ్మదస్తుడు ఉండడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. వరస కనిపిస్తే మాత్రం ఆయన చెయ్యి ఊరుకోదు.

ఆ ఆఫీసులో చేరిన మొదటి రోజే అమ్మాయికి ఈ సంగతి తెలిసొచ్చింది. రెండో అంతస్తులో పొడుగాటి గది, కదిలితే కిర్రుమనే కుర్చీలు, బల్ల సగం ఆక్రమించే పాత మానిటర్లు. కొత్తగా చేరిన ముగ్గురికీ కలిపి కిటికీ పక్కన ఒకే బల్ల ఇచ్చారు. ఎడమవైపు కుర్రాడు ఆలోచన పూర్తయ్యేలోపే టైపు చేసేస్తాడు, అందుకని వాడు తుఫాను. కుడివైపు కుర్రాడు పొద్దుట్నించి సాయంత్రం దాకా నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, అందుకని వాడు మౌని. మధ్యలో అమ్మాయి. తను తెచ్చుకున్న మూడు పుస్తకాలూ బల్ల మీద నిలబెట్టి, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి మధ్య పుస్తకం లేదు. వెనకాల ఒక నెరిసిన జుట్టాయన దాన్ని చంకలో పెట్టుకుని, మిగిలిన రెండింటినీ పరీక్షగా చూస్తున్నాడు.

"పడలేదు. ఒకదాన్నొకటి ఆనుకున్నాయి" అన్నాడు సంతోషంగా.

"ఆ పుస్తకం నాదండీ."

"నీదేలే తల్లీ. అండీ గిండీ వద్దు, బాబాయ్ అను చాలు."

అలా మొదలైంది. బిస్కెట్ల పొట్లం విప్పితే ఆయన పైనుంచి తీసుకోడు, పొట్లం నడుమ చించి మధ్య బిస్కెట్టు లాగుతాడు. ఒకసారి గోడనున్న అలమరలోంచి మధ్య అర ఊడదీశాడు. దాని ఆసరా పోయి పై అరలోని ఫైళ్ళన్నీ మేనేజరుగారి నెత్తిన పడ్డాయి. మేనేజరు నుదురు రుద్దుకుంటూ ఉంటే, "అయితే ఇది అవసరమేనన్నమాట" అని అరని జాగ్రత్తగా మళ్ళీ బిగించాడు.

ఆయన భార్యని అందరూ పిన్నీ అనేవారు. ఒక ఆదివారం ముగ్గురూ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అమ్మాయి ఉండబట్టలేక అడిగింది.

"ఈయనతో ఎలా వేగుతున్నారు పిన్నీ?"

"ఏం చెప్పమంటావు? మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. మధ్యదాన్ని నేను. ఏరి కోరి నన్నే ఎత్తుకొచ్చారు."

"మరి తీశాక ఏమైంది?"

"నెల తిరక్కుండా మా అక్కకీ చెల్లికీ మాటల్లేవు. ఇప్పటికీ దీని మాట దానికీ దాని మాట దీనికీ మోసి చస్తున్నాను."

బాబాయి పక్క గదిలోంచి, "నేను అప్పుడే అన్నానుగా, గట్టి మనిషివని" అన్నాడు. పిన్ని మూతి తిప్పుకుంది గాని నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ రోజుల్లో ముగ్గురికీ అప్పగించిన పని పిల్లల లైబ్రరీకి సభ్యత్వం ఫారం. ఒక్కో ఇంట్లో పిల్లలు ఒక్కో లెక్కలో ఉంటారు కదా, అందుకని 'ఇంకొకరు' అనే బటన్ నొక్కితే కింద ఇంకో వరస పుట్టుకొస్తుంది. ఒక్కో వరసలో పేరుకో పెట్టె, వయసుకో పెట్టె. ప్రతి పెట్టెకీ లోపల ఒక నెంబరు ఉంటుంది. పిల్లలు సున్నా, పిల్లలు ఒకటి, పిల్లలు రెండు. అవతల జావా అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాము ఆ నెంబరు చూసుకుని ఎవరి వివరాలు వాళ్ళ అరలో సర్దుకుని లిస్టు తయారుచేస్తుంది. మౌని పెట్టెలు గీశాడు, తుఫాను జావా రాశాడు, రెండూ కలిసేలా చూడడం అమ్మాయి వంతు.

మొదటిసారి అంతా సవ్యంగా నడిచిన మధ్యాహ్నం ముగ్గురూ గర్వంగా బాబాయిని పిలిచారు. ఆయన ముగ్గురు పిల్లల పేర్లు నింపి, మధ్య పిల్లని తీసేసి, పంపు అన్నాడు. మూడు సభ్యత్వం కార్డులు అచ్చయ్యాయి. మధ్య కార్డు మీద పేరు లేదు, వయసు సున్నా. సున్నా నెంబరూ రెండు నెంబరూ వచ్చేసరికి, మధ్యలో ఒకటి ఉండే ఉంటుందని ప్రోగ్రాము ఖాళీ అర ఒకటి సొంతంగా చేసిపెట్టింది.

"పుట్టని బిడ్డకి పుస్తకాలిచ్చారర్రా" అన్నాడు బాబాయి.

"అసలు మధ్య పిల్లని ఎవరు తీసేస్తారు బాబాయ్?" తుఫాను విసుక్కున్నాడు.

"దానికి చదువంటే పడదేమో. మనకెందుకు? ఖాళీ ఎక్కడుందో కనిపించిందిగా, సరిచేయండి."

అమ్మాయి కూర్చుని, వరస తీసేసిన ప్రతిసారీ మిగిలినవాటికి మళ్ళీ మొదట్నించి నెంబర్లు పడేలా రాసింది. ఊరూ పేరూ లేని అర వస్తే పక్కన పడేయమని తుఫానుకి చెప్పింది. బాబాయి ఇంకోసారి మధ్యది తీసి చూసి, తలూపి వెళ్ళిపోయాడు.

ఫారం లైబ్రరీవాళ్ళకి అప్పగించే వారంలోనే పిడుగులాంటి వార్త వచ్చింది. కొత్తవాళ్ళు ముగ్గురిలో ఇద్దరినే ఉంచమన్నారు పైవాళ్ళు. మేనేజరు బాబాయిని తన గదిలోకి పిలిచాడు. తలుపు ఓరగా వేసి ఉంది.

"ఎవర్ని తీద్దాం బాబాయిగారూ?"

బాబాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రేపు మధ్యపిల్లని రావద్దనండి. ఏమవుతుందో చూద్దాం."

బయట బల్ల దగ్గరున్న అమ్మాయి చెవిన ఆ మాట పడింది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే దొరికిన ఉద్యోగం. బట్టలు కుట్టించుకోడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ వాళ్ళమ్మ, "మా పిల్ల కంప్యూటర్ల ఆఫీసులో చేస్తోంది" అని చెప్పుకునేది. మర్నాడు ఆమె ఇంట్లోనే కూర్చుంటే అమ్మ కుట్టుమిషను ఆపి రెండుసార్లు నుదురు తాకి చూసింది. జ్వరం లేదు, కోపమే. ఆయనకి బిస్కెట్టూ నేనూ ఒకటేనా అని కుమిలిపోయింది.

ఆ రోజు ఆఫీసులో జరిగింది తరవాత తుఫాను చెప్పగా తెలిసింది. ముందురోజు సాయంత్రం మౌని తన పెట్టెలన్నిటికీ 'పిల్లలు' తీసేసి 'సభ్యులు' అని కొత్త పేరు పెట్టాడు, ఎవరికీ చెప్పలేదు. మామూలుగా అయితే పొద్దున రాగానే అమ్మాయి వాడి తెర మీదికి తొంగి చూసి తుఫానుకి చేరవేసేది. తుఫాను జావా లిస్టు ఇంకా 'పిల్లలు' కోసమే ఎదురుచూస్తోంది. ఫలితం, ఎంతమంది పేర్లు నింపినా ఒక్క కార్డూ రాలేదు. లైబ్రరీ నుంచి ఫోను మీద ఫోను. తుఫాను అలవాటు కొద్దీ ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "ఏమైందంటావు?" అని అడిగాడట. అటువైపు నుంచి మౌని కూడా ఆ కుర్చీనే చూస్తున్నాడట. అమ్మాయికి ఫోను చేస్తారేమోనని బాబాయి ఫోను ముందే కుర్చీ వేసుకుని, సాయంత్రం దాకా పేపరు చదివాడట.

మర్నాడు సంగతి తేల్చుకుందామని వచ్చిన అమ్మాయికి మేనేజరు మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. "వచ్చావా తల్లీ. ముందు వెళ్ళి నీ కుర్చీలో కూర్చో."

వెనకే బాబాయి. "మధ్యది చూశాం. ఇవాళ తుఫానుని తీసి చూద్దామా? రేపు మౌనిని..."

"మీకు దండం పెడతాను బాబాయిగారూ, ఇంకెవర్నీ తీయొద్దు. పైవాళ్ళకి నేనే చెప్పుకుంటాను" అన్నాడు మేనేజరు. అన్నట్టే చెప్పుకున్నాడు. ముగ్గురూ ఉండిపోయారు.

టీ వేళకి అమ్మాయి బాబాయి ముందు నిలబడింది. "నిన్న ఎంత ఏడ్చానో తెలుసా బాబాయ్?"

"తెలుసు. నాకూ అన్నం సయించలేదు, కావాలంటే మీ పిన్నిని అడుగు" అన్నాడాయన పొట్లం విప్పుతూ. "ఏం చేయను తల్లీ. మొదటివాణ్ణి అందరూ చూస్తారు, చివరివాణ్ణి అందరూ చూస్తారు. మధ్యవాళ్ళు తీస్తేగాని కనపడరు." నడుమ చించి మధ్య బిస్కెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ళూ ఆయన లాగిన ఆ బిస్కెట్టు ఎప్పుడూ ఎవరో ఒకరి చేతికే వెళ్ళేదనీ, ఆయన నోటికి వెళ్ళింది లేదనీ ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

బాబాయి రిటైరైన రోజు గుంపు ఫొటో తీయించారు. పెద్దాయన మధ్యలో ఉండాలని ఫొటోగ్రాఫరు పట్టుబట్టి నిలబెట్టాడు. అందరూ సర్దుకున్నాక బాబాయి వరస అటు చివరా ఇటు చివరా చూశాడు. ఆ చూపు తెలిసినవాళ్ళకి అప్పుడే నవ్వు మొదలైంది. అనుకున్నట్టే ఆయన మెల్లగా ముందుకి జారుకుని, కెమెరా పక్కన నిలబడి, ఏమవుతుందోనని చూశాడు.

"ఖాళీ వచ్చిందండీ, కొంచెం దగ్గరికి జరగండి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"జరగం. అలాగే తీయండి" అంది అమ్మాయి.

ఆమె కింద ఇప్పుడు బోలెడుమంది పనిచేస్తున్నారు. బల్ల మీద ఆ ఫొటో ఉంటుంది. మధ్యలో మనిషి పట్టేంత చోటు, దానికి అటూ ఇటూ తుఫానూ అమ్మాయీ మౌనీ, అందరూ ఆ ఖాళీని చూసి పగలబడి నవ్వుతున్నారు. ఇదెవరి ఫొటో అని కొత్తవాళ్ళు అడిగితే, "మా బాబాయిది" అంటుంది.